పన్నెండున్నరకి చేరాల్సిన బండి

మా మేడ మీద గదిలో అద్దెకుండే పిల్ల పోయిన ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకొని కిందికి దిగి వచ్చింది. నల్గొండ వైపు పిల్ల, ఇక్కడ ఖరగ్‌పూర్ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకుంటోంది. కాలేజీ గేటు పక్క ప్రేమ్ బజార్‌లో నచ్చిన గది దొరక్క ఝపటాపూర్ దాకా వెతుక్కుంటూ వచ్చి మా ఇంట్లో దిగింది. వచ్చిన కొత్తలో నా మాట తనకీ, తన మాట నాకూ సగమే అర్థమయ్యేవి. ఇప్పుడు ఇద్దరం కలిసి ఓ మూడో రకం తెలుగు మాట్లాడుకుంటున్నాం. "ఆంటీ, మేం నలుగురం కారు మాట్లాడుకొని సాగర్ దీవికి పోతున్నం. పొద్దుగాల అయిదింటికి బయల్దేరితే మధ్యాహ్నం కల్లా చేరుతమని ఫోన్ల చూపిస్తుంది. మీరు పోయొచ్చిన్రట గదా, ఇంకేమన్న చూసుకోవాల్నా?" అని ఫోను నా ముఖం ముందు పెట్టింది. తెర మీద ఖరగ్‌పూర్ నుంచి ఒక నీలం గీత బయల్దేరి, కోలాఘాట్, కలకత్తా, డైమండ్ హార్బర్ మీదుగా కాక్‌ద్వీప్ దాకా దిగి, నీళ్ళ మీద చుక్కలు చుక్కలుగా మారి, అవతలి ఒడ్డున మళ్ళీ గీతై దీవిలోకి పోయింది. కింద ఇన్ని గంటలు, ఇన్ని నిమిషాలు అని కూడా రాసి ఉంది. ఆ నిమిషాలు చూసి ముందు నవ్వొచ్చింది, వెంటనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. పిల్ల కంగారుపడి ఏమైందంది. "ఏటీ లేదు, కూర్చో. ఆ గీతని మీ ఫోను కన్నా ముందు మా నాన్న గీసినాడు" అన్నాను.

మా నాన్న రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళింట్లో రైల్వే ఉద్యోగి లేడంటే ఆశ్చర్యపోవాలి గానీ ఉన్నాడంటే ఎవరూ పట్టించుకోరు. మా తాత కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పల్లెలో పడవ వదిలేసి, బైబిలూ రెండు పంచెలూ మూటగట్టుకొని ఇక్కడికొచ్చి ఇంజన్లలో బొగ్గు వేశాడు. కొడుకు కంట్రోల్ ఆఫీసు కుర్చీ దాకా ఎదిగాడు. కంట్రోలర్ అంటే బండి ముఖం చూడకుండా బండిని నడిపే మనిషి. చెవికి ఫోను తగిలించుకొని, బల్ల మీద పరిచిన పెద్ద చార్టులో రంగు పెన్సిళ్ళతో గీతలు గీస్తూ కూర్చుంటాడు. చార్టులో పై నుంచి కిందికి స్టేషన్లుంటాయి, ఎడమ నుంచి కుడికి గంటలూ నిమిషాలూ ఉంటాయి. బండి నడుస్తున్నంతసేపూ గీత ఏటవాలుగా దిగుతుంది, ఎక్కడైనా ఆగిపోతే అక్కడి నుంచి అడ్డంగా సాగుతుంది. ముప్ఫై ఏళ్ళు ఆ కాగితం చూసి చూసి మా నాన్నకి లోకమంతా అలాగే కనబడేది. అమ్మ చర్చికి తయారవడం ఆలస్యమైతే, పక్క పట్టా మీద ఆపేసిన బండిలాగా "మీ అమ్మ ఇంకా లూప్ లైన్లోనే ఉన్నాది" అనేవాడు. నా పెళ్ళినాడు పాస్టరుగారి ప్రసంగం పన్నెండు నిమిషాలు లేటు నడిచిందని చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు. పెళ్ళికొడుకు గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు, అల్లుడు టైముకి వచ్చాడు కాబట్టి.

ఆయనకి ఒక్కతే అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకు మేనత్త, నాన్న కన్నా ఆరేళ్ళు పెద్ద. నర్సు చదువు చదివి, గంగ సముద్రంలో కలిసే చోటున్న సాగర్ దీవిలో ఒక చిన్న మిషన్ ఆస్పత్రిలో చేరి, పెళ్ళీ గిళ్ళీ లేకుండా అక్కడే ఉండిపోయింది. రిటైరయ్యాక కూడా దీవి వదల్లేదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్ళే, వాళ్ళంతా "దీదీ" అంటారు, వాళ్ళ పిల్లలు కూడా దీదీ అనే అంటారు. మొదట్లో ఏడాదికోసారి న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరుకి వచ్చేది. వచ్చి మూడు రోజులుంటే ఆ మూడు రోజులూ నాన్నకి నైటు డ్యూటీయో, రిలీఫ్ మనిషి రాక వరస డ్యూటీయో పడేది. పగలంతా కిటికీలకి దుప్పట్లు కట్టుకొని పడుకునేవాడు. మేము పిల్లులలాగా తిరిగేవాళ్ళం. అత్త వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ, మూసి ఉన్న గది తలుపు వైపు చూస్తూ ఉండేది. మా నాన్నమ్మ పోయినప్పుడు వచ్చింది, సమాధి కార్యక్రమం అయ్యాక నాన్న నేరుగా డ్యూటీకి వెళ్ళిపోయాడు. వెళ్ళేనాడు స్టేషన్లో, బండి కదిలే ముందు, కిటికీలోంచి ఆవిడ అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మీ ఇంటికొస్తే నీ టిఫిన్ కేరేజీని సూసినాను గానీ నిన్ను సూళ్ళేదురా. ఇక నేను రాను. సూడాలనుంటే నువ్వే రా."

"వచ్చే నెల్లో వస్తానప్పా" అన్నాడు నాన్న. ఆ వచ్చే నెల ఇరవై ఆరేళ్ళు సాగింది.

ఆయన మాట తప్పే మనిషని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ కొట్లాటకి దిగుతాను. శెలవు పెట్టేవాడు, మంజూరయ్యేది, ఫలానా తారీఖున వస్తున్నానని అప్పకి ఉత్తరం రాసేవాడు. సరిగ్గా రెండ్రోజుల ముందు ఏదో ఒకటి వచ్చిపడేది. వరద, ఎక్కడో గూడ్సు పట్టాలు తప్పడం, పెద్దాఫీసర్ల తనిఖీ, మనుషుల కొరత. రిటైరైన తర్వాత ఇంక అడ్డేముందనుకున్నాం. అప్పుడు ఆయన హెర్నియా ఆపరేషను, నా పురుళ్ళు, అమ్మ మోకాళ్ళు. ఉత్తరాలు పోయి ఫోన్లొచ్చాయి, ఉత్తరంలో రాసే తారీఖే ఫోనులో చెప్పడం మొదలుపెట్టాడు, అంతే తేడా. అత్త ఎప్పుడూ నిష్ఠూరమాడలేదు. "అలాగే, రా" అనేది. రాలేదని చెప్పినప్పుడు "అలాగే" అనేది.

పదేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆవిడే ఫోను చేసింది. ఆవిడ చెయ్యడమే వింత. ఫోను నేనే ఎత్తాను. నాన్న పక్కనే కూర్చున్నాడు, వినబడేలా పెట్టాను. కళ్ళకి నీటికాసులు వచ్చాయట. ఒక కన్ను అప్పటికే పోయింది, రెండోది పోతోంది. కలకత్తాలో ఆపరేషను కూడా చేయించుకుందట, మాకు చెప్పకుండా. "ఎర్రటి ఎండలో అయితే మనిషి మొహం ఇంకా తెలుస్తాది. పొద్దోలితే ఆకారం తప్ప ఏటీ తెల్దు. నర్సుని గదా, ఇంకెన్నాళ్ళో నాకు తెలుసు. నీ మొహం సూడాలనున్నాది. పొద్దుండగా రా." నాన్న లేచి, ట్రంకు పెట్టెలోంచి పాత కంట్రోల్ చార్టు ఒకటి తీసి, దాని వెనక తెల్లటి వైపు భోజనాల బల్ల మీద పరిచాడు. అమ్మ గబగబా పచ్చడి జాడీలు తీసేసింది.

ఆ బల్ల మీద మేము వారం రోజులు అన్నం తినలేదు. నేల మీదే తిన్నాం. మొదటి ప్రశ్న, రైల్లో వెళ్ళాలా, కార్లోనా. రైల్లో అయితే ఇక్కడి నుంచి హౌరా, అక్కడి నుంచి ఊరు దాటి సియాల్దా, అక్కడ కాక్‌ద్వీప్ లోకలు, దిగి రేవు. ఎన్నిసార్లు లెక్కేసినా ఆవిడ ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటుతోంది. పొద్దుండగా చేరాలంటే రోడ్డు మీద వెళ్ళాల్సిందే. నాన్నకి అది మతం మార్చుకున్నంత పనైంది. జీవితంలో పాసు లేకుండా ఊరు దాటని మనిషి. ఆయన తోటి రిటైరైన వాళ్ళు అరుగు మీద చేరి "ఏటి, రోడ్డెక్కుతున్నావట" అని పరామర్శించడానికి వచ్చినట్టే వచ్చారు. నాన్న వాళ్ళతో మాట్లాడకుండా చార్టు మీద స్టేషన్ల చోట ఊళ్ళ పేర్లు రాసుకుంటూ కూర్చున్నాడు. డెబ్రా, పాంస్‌కురా, కోలాఘాట్, ఉలుబేరియా, కలకత్తా వంతెన, డైమండ్ హార్బర్, కుల్పీ, కాక్‌ద్వీప్, రేవు, దీవి మీద కచుబేరియా, చివర్న ఒక్క మాట, 'అప్ప'.

కారు నడపడానికి ప్రేమ్ బజార్ గేటు దగ్గర నిలబడే ఒక బెంగాలీ దాదాని మాట్లాడాను. కాలేజీ పిల్లల్ని కలకత్తా విమానాశ్రయానికి తిప్పుతుంటాడు, నాన్నని కాకు, అంటే బాబాయ్, అనేవాడు. పాపం, వచ్చిన మొదటి రోజే నాన్న అతన్ని బల్ల ముందు కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నించాడు. హల్దియా వైపు వెళ్ళి అక్కడొక రేవు దాటితే కలకత్తా తిరిగే పని తప్పుతుందని దాదా సలహా ఇచ్చాడు. "ఒక నది చాలు" అన్నాడు నాన్న. డైమండ్ హార్బర్ దాటి తాను ఎప్పుడూ వెళ్ళలేదని దాదా నిజాయితీగా ఒప్పుకుంటే, "ఫరవాలేదు, చార్టు ఉన్నాది గదా" అని ధైర్యం చెప్పాడు. వెళ్ళేటప్పుడు అతని చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఏ ఊరి దగ్గర ఎంత వేగానికి మించకూడదో వరసగా రాసి ఉంది, ఇంజను డ్రైవర్లకి ఇచ్చే కాషన్ ఆర్డరు లాంటిదన్నమాట. కింద సంతకం పెట్టమన్నాడు. దాదా నా వైపు చూశాడు. పెట్టెయ్యండి దాదా అని కళ్ళతోనే బతిమాలాను, పెట్టాడు.

బయల్దేరే ముందు రోజు చార్టు పూర్తయింది. తెల్లవారి అయిదింటికి ఖరగ్‌పూర్, ఆరున్నరకి కోలాఘాట్‌లో పది నిమిషాలు టీ, రద్దీకి ముందే కలకత్తా దాటడం, పదిన్నరకి రేవు, పదకొండుకి కారుతో సహా బార్జీ పడవ ఎక్కడం, పదకొండూ ముప్పావుకి అవతలి ఒడ్డు, పన్నెండున్నరకి అప్ప గుమ్మం. ఎర్ర పెన్సిలుతో, మెయిలు బండికి గీసినట్టు, ఒకే ఏటవాలు గీత. రోడ్డు మీద ఎంత నున్నగా ఉందో నది మీదా అంతే నున్నగా ఉంది. ఆ సాయంత్రం అత్తకి ఫోను చేసి మొత్తం చదివి వినిపించాడు, స్టేషను స్టేషనూ, నిమిషం నిమిషం. ఆ గొంతులో ఉత్సాహం నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. ఆవిడ అంతా విని "అలాగే, రా" అంది. అమ్మకి మోకాళ్ళ వల్ల ప్రయాణం కుదర్లేదు గానీ, తనకి బదులుగా ఒక పెద్ద సంచీ పంపింది. కందిపొడి, ఉసిరికాయ పచ్చడి, రెండు కేజీల ఎండు నెత్తళ్ళు. సముద్రం మధ్యనున్న దీవికి ఎండు చేపలు మోసుకెళ్ళడమేమిటని నాన్న వెక్కిరిస్తే, "బెంగాలోళ్ళకి ఎండబెట్టడం రాదు" అని తేల్చేసింది.

తెల్లవారుజామున కారు పక్కన నిలబడి ప్రార్థన చేశాం. నాన్న ప్రార్థనలో కూడా టైములు చెప్పాడు. "ప్రభువా, పన్నెండున్నరకి మమ్మల్ని అప్ప దగ్గర సేర్సు, తండ్రీ" అంటుంటే నేను కళ్ళు మూసుకొనే నవ్వాపుకున్నాను. కారు కదిలింది. నాన్న ముందు సీట్లో, ఒళ్ళో చార్టు, చేతిలో రిస్టు వాచీ. పాంస్‌కురా దగ్గర బంతిపూల బుట్టలు కట్టిన సైకిళ్ళు వరసగా పోతున్నాయి, కారులోకి పచ్చి పూల వాసన వచ్చింది. కోలాఘాట్ వంతెన మీద సూర్యుడు కనిపించాడు. ప్రతి ఊరి దగ్గరా నాన్న వాచీ చూసి "రైట్ టైమ్" అనేవాడు. ఉలుబేరియా దాకా విసుగ్గా విన్న దాదా, కలకత్తా దాటేసరికి తనే పక్కకి తిరిగి "కాకు, రైట్ టైమ్?" అని అడగడం మొదలుపెట్టాడు. డైమండ్ హార్బర్ దగ్గర రోడ్డు పక్కనే నది బయటపడింది, అవతలి గట్టు కంటికి ఆనడంలేదు. నాన్న చార్టు మీద నుంచి తలెత్తి, చాలాసేపు అటే చూశాడు. "మా అయ్య ఇలాటి నీళ్ళ మీద పుట్టినోడు" అన్నాడు, మళ్ళీ వాచీ చూసుకున్నాడు.

రేవు దగ్గర కారు ఆగేసరికి సరిగ్గా పదిన్నర. నాన్న ముఖంలో ఆ వెలుగు చూసి తీరాలి. ఆ వెలుగు అయిదు నిమిషాలు ఉంది.

బార్జీ ఒడ్డునే ఉంది గానీ నీళ్ళల్లో లేదు. నల్లటి బురదలో ఒక పక్కకి ఒరిగి, ఎండకి ఆరుతోంది. దాని చుట్టూ కొంగలు నడుస్తున్నాయి. నది మధ్యలో పొడుగాటి ఇసక మేట తేలి కనబడుతోంది. మనుషుల్ని దాటించే చిన్న స్టీమర్లు కూడా జెట్టీకి కట్టేసి ఉన్నాయి, జనం మూటల మీద కూర్చుని మరమరాలు తింటున్నారు. ఎవరి ముఖంలోనూ తొందర లేదు. నాన్న టిక్కెట్టు కిటికీ దగ్గరికెళ్ళి, పదకొండు గంటల బార్జీ ఎందుకు రెడీగా లేదని అడిగాడు. లోపలి మనిషి మా నాన్న చేతిలో చార్టునీ, ఆయన్నీ మార్చి మార్చి చూసి, "భాటా, కాకు. జోయార్ ఆసుక్" అన్నాడు. ఇప్పుడు ఆటు, పోటు రానివ్వండి అని. ఎన్ని గంటలకి వస్తుందంటే మూడున్నర అన్నాడు. రేపు ఇంకో టైముకి వస్తుందట, ఎల్లుండి మరో టైముకి. పదకొండు గంటల బార్జీ అన్నది ఎవరు చెప్పారని అతనే ఎదురు అడిగాడు. ఎవరూ చెప్పలేదు. పావుగంటకొకటి వెళ్తాయని ఎవరో అంటే నాన్న విని గీసేసుకున్నాడు. రెండు తరాల కిందట ఆటుపోట్లు చూసుకొని పడవ నీళ్ళలోకి తోసిన ఇంట్లో పుట్టి, వారం రోజులు బల్ల మీద తలలు కలిపి కూర్చుని, నీళ్ళు పోతాయీ వస్తాయీ అన్న సంగతి మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. రైలు కట్ట మీద పెరిగినవాళ్ళం, దారి ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుందనుకున్నాం.

నాన్న జెట్టీ పక్కన ఒక చెక్క బెంచీ మీద కూర్చున్నాడు. అత్తకి ఫోను చేశాడు, మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. ఆరోసారి తర్వాత మానేశాడు. ఒళ్ళో చార్టు విప్పి, రేవు దగ్గర నుంచి ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీయడం మొదలుపెట్టాడు, పదకొండు, పన్నెండు, ఒకటి, రెండు, మూడు. నేను చూడలేక కొబ్బరి బొండాలు తెచ్చే వంకతో దూరంగా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కాగితం మడిచేశాడు. "మూడున్నరకి ఎక్కితే సేరేసరికి అయిదు దాటిపోతాది. పొద్దు ఉంటాదో ఉండదో. సీకట్లో ఎల్లి ఏటి సేస్తాం? నా గొంతు ఎలాగూ పోనులో వింటాది. ఈ రోజు ఎనక్కి పోదుం. పోటు టైములన్నీ రాసుకొని వచ్చేవారం పగలు పడేటట్టు సూసుకొని వద్దుం" అన్నాడు. చాలా సబబుగా, చాలా నెమ్మదిగా చెప్పాడు. కంట్రోల్ ఫోనులో ఒక బండిని రద్దు చేసేటప్పుడు ఇలాగే చెప్పి ఉంటాడు.

నాకు మా నాన్న మీద ఎప్పుడూ రానంత కోపం ఆ రోజు వచ్చింది. బొండాలు బెంచీ మీద పెట్టేసి, "నాన్నా, ఈ ఒక్క బండీ కేన్సిల్ సెయ్యకు. సేసినావంటే నువ్వు ఇంటికి పో, నేను ఒక్కర్తినీ ఎల్తాను. ఆ కంటికి నా మొహమైనా కనబడతాది" అన్నాను. చుట్టూ జనం మాటలాపి చూశారు. భాష తెలియకపోయినా కూతురు తండ్రిని తిడుతోందని అందరికీ అర్థమైంది. దాదా తల వంచుకొని కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

నాన్న బొండాం తాగలేదు. నా వైపు చూడకుండా మాట్లాడాడు. "అన్నిసార్లూ శెలవు రద్దవలేదమ్మా. నాలుగుసార్లు నిజంగా అయింది. మిగతాసార్లు ఎవరో ఒకరు డ్యూటీ సేస్తావా అంటే నేనే సరే అన్నాను. ఒకసారి మాట తప్పినాక రెండోసారి మొహం ఎలా సూపిస్తాను? అప్ప ఏటీ అనదు. అదే బయం నాకు." డెబ్బై రెండేళ్ళ మనిషి, మడిచిన చార్టునే ఇంకా చిన్నగా మడుస్తున్నాడు. నాకు కోపం ఎటు పోయిందో తెలీదు. ఆయన పక్కన కూర్చుని, బొండాం చేతిలో పెట్టి, "తాగు" అన్నాను. ఇద్దరం బురద వైపు చూస్తూ కూర్చున్నాం. రెండు దాటాక బురద అంచున సన్నటి తడి మెరిసింది. కొంగలు ఒక్కొక్కటే లేచిపోయాయి. ఇసక మేట చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, ఒకసారి నేను సంచీ సర్దుకొని తలెత్తేసరికి లేదు. బార్జీ నిటారుగా లేచి నిలబడింది.

నదిలో ఉన్న ముప్పావుగంటా నాన్న వాచీ చూడలేదు, సూర్యుణ్ణి చూశాడు. అవతలి ఒడ్డు దిగాక తమలపాకు తోటల మధ్య సన్నటి రోడ్డు, మేకలు, సైకిలు రిక్షాలు, బడి వదిలిన పిల్లలు. దాదా తను సంతకం పెట్టిన కాగితం గుర్తుంచుకొని బుద్ధిగా నడుపుతుంటే, "కొంచెం తొక్కు బాబూ, తొక్కు" అన్నాడు నాన్న. తన కాషన్ ఆర్డరుని తనే తుంగలో తొక్కిన కంట్రోలరుని నేను ఆ రోజే చూశాను. దారిలో దీదీ ఇల్లు అని అడిగితే ప్రతి ఒక్కరూ చేత్తో చూపించారు.

రేకుల కప్పు వేసిన రెండు గదుల ఇల్లు. ముందు శుభ్రంగా అలికిన వాకిలి. అత్త బయట ఒక ముక్కాలి పీట మీద, పడమటి వైపు ముఖం పెట్టి కూర్చుని ఉంది. తెల్ల చీర, తల మొత్తం నెరిసిపోయింది. పక్కన మట్టి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. కారు చప్పుడికి లేవలేదు. నాన్న దిగి, రెండడుగులు వేసి, అక్కడే నిలబడిపోయాడు. "అప్పా" అన్నాడు. "దగ్గరికి రా" అంది ఆవిడ. వెళ్ళాడు. "మోకాళ్ళ మీద కూకో. అటు కాదు, ఇటు, ఎలుగుకి తిరుగు." నాన్న కూర్చున్నాడు. ఆవిడ ఆయన గడ్డం పట్టుకొని, వార్డులో రోగిని పరీక్ష చేసినట్టు ముఖం పైకెత్తి, ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పింది. కొబ్బరి చెట్ల మధ్య నుంచి పొద్దు నేరుగా ఆయన ముఖం మీద పడుతోంది. ఆవిడ తన ముఖం బాగా దగ్గరగా తెచ్చి చూసింది. నుదురు చూసింది, ముక్కు చూసింది, చెవులు చూసింది. "అయ్యలాగ అయిపోనావురా" అంది. నాన్న ఏడుస్తున్నాడు. "కదలకు, సరిగ్గా కనబడదు" అని కసిరింది.

పొద్దు చెట్ల వెనక్కి పోయేదాకా అలాగే చూసింది. తర్వాత గడ్డం వదిలి, గరిటె కోసం పక్కన తడుముకుంది. నేను అందించాను. మేనకోడల్నని అప్పుడు చెప్పాను, "నీ సెయ్యి తెలుస్తోంది, నీది మీ నాన్నమ్మ సెయ్యి" అంది. నాన్న కళ్ళు తుడుచుకొని, ఎంతైనా కంట్రోలర్ కదా, లేటుకి సంజాయిషీ మొదలుపెట్టాడు. ఆటు సంగతి తెలీదనీ, పదిన్నరకే రేవుకి చేరామనీ, ఆరుసార్లు ఫోను చేశాననీ. ఆవిడ అన్నం మెతుకు పట్టి చూస్తూ, "ఆటు అని నాకు తెలుసు" అంది. "నువ్వు ఆ టైములు సదివినప్పుడే తెలుసు. మూడున్నరకి గానీ దాటవని, అయిదింటికి పైన వస్తావని లెక్కేసుకున్నాను. పావుగంటైనా పొద్దుంటాది, సాలు. అందుకే మజ్జాన్నం వండలేదు."

"తెలిసీ ఎందుకు సెప్పలేదప్పా? పోనైనా ఎందుకు ఎత్తలేదు?"

"సెప్తే ఇంకో రోజు వస్తానంటావు" అంది అత్త. పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగింది. "నీ ఇంకో రోజులు శానా సూసినాన్రా. ప్రతిసారీ నీకని అన్నం వండినాను. ఈసారి వండిన అన్నం నువ్వు తినాలనుకున్నాను."

నాన్న అలాగే పీట పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ కంచంలో పెట్టిన అన్నం, రొయ్యల కూర, అమ్మ పంపిన ఉసిరి పచ్చడి వేసుకొని తిన్నాడు. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. మూడోసారి అడక్కుండానే పెట్టింది. మేము అక్కడ మూడు రోజులున్నాం. ఆ వానాకాలం వెళ్ళేసరికి అత్త రెండో కన్ను కూడా పోయింది. తర్వాత రెండేళ్ళలో ఒకరి వెనక ఒకరు, నాన్నా అత్తా ఇద్దరూ వెళ్ళిపోయారు.

మేడ మీది పిల్లకి ఇదంతా చెప్పేసరికి దాని కాఫీ చల్లారిపోయింది. ఆటుపోట్లు చూసుకొని వెళ్ళమని చెప్పాను, రాసుకుంది. ఇరవై ఆరేళ్ళు ఎలా పోయాయని మా ఇంట్లో ఎవరిని అడిగినా చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఆ సాయంత్రం అత్త నాన్న ముఖం చూస్తుండగా గడిచిన పావుగంట మాత్రం నాకు ఇంకా గడవనే లేదు.